ఖాళీ తీగ

వంటింటి బల్ల మీద ఎడమ అరచేతిని బోర్లా ఆనించి, కళ్ళు బల్ల అంచుకి సమానంగా వచ్చేదాకా వంగి చూశాడు హాల్వార్ స్కోర్గెన్. మిగతా నాలుగు వేళ్ళూ బల్లకి ఆనాయి. చిటికెనవేలు ఆనలేదు. గొంగళిపురుగు నడుం ఎత్తినట్టు మధ్య కణుపు దగ్గర మడత పడి పైకి లేచి ఉంది. కుడిచేత్తో గట్టిగా నొక్కాడు. అది దిగలేదు, నొప్పీ పుట్టలేదు. అరచేతిలో, చర్మం కింద, బిగదీసిన తాడు లాంటిదొకటి మాత్రం వేలికి తగిలింది.

నాలుగేళ్ళ కిందట ఆ వేలి కింద ఉత్తరం కవరు దూరేది. నిరుడు వెన్న రాసుకునే కత్తి దూరింది. ఇవాళ పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టెని పడుకోబెట్టి మెల్లగా తోశాడు. ఎక్కడా తగలకుండా అటువైపు నుంచి బయటికి వచ్చేసింది.

"భేష్. వచ్చే ఏడు రొట్టెముక్క పెట్టి చూద్దువుగాని," అంది వెనక నుంచి భార్య ఇడున్. కాఫీ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. "ఆ డాక్టరు ఆపరేషన్ చేస్తానని ఎప్పుడన్నాడు? రెండేళ్ళయింది. ఆయన రిటైరయ్యేదాకా ఆగుతావా ఏంటి?"

"మూణ్ణెల్లు వాయించకూడదన్నాడుగా."

"మూణ్ణెల్లు నువ్వు వాయించకపోతే మోల్దె ఊరు మునిగిపోతుందా?"

"ఊరు మునగదు. ఇంకెవర్నో పెట్టుకుంటారు."

"మూణ్ణెల్లకేగా!"

హాల్వార్ అగ్గిపెట్టెని మళ్ళీ పొయ్యి పక్కన పెట్టాడు. తాత్కాలికంగా వచ్చినవాడు తాత్కాలికంగానే ఉంటాడంటే ఎవరైనా నమ్ముతారేమో గాని, డబుల్ బాస్ వాయించేవాడు నమ్మడు. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఒకాయనకి జలుబు చేసిందని, ఒక్క శనివారానికే అని చెప్పి పిలిస్తే తను పియానో వాయించే గున్వోర్ పక్కన నిలబడ్డాడు. ఆయన జలుబు వారంలో తగ్గింది. తను ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన తర్వాత ఎక్కడా వాయించినట్టు లేదు. ఒకసారి సహకార దుకాణంలో బంగాళాదుంపల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఈ వేళ్ళ జబ్బు ఈ తీరంలో కొత్తది కాదు. ఈ ఉత్తరపు చలిదేశాల మగవాళ్ళకి తండ్రి నుంచి కొడుక్కి ఇల్లూ పొలంతో పాటు వస్తుంది. హాల్వార్ తండ్రికి రెండు చేతులకీ రెండేసి వేళ్ళు ముడుచుకుపోయి, చివరి చలికాలాల్లో చేతి తొడుగులు పట్టేవి కావు. కానీ ఆయన చేపల పడవ నడిపేవాడు. తాడు పట్టుకోవడానికి ముడుచుకున్న వేళ్ళే నయం అనేవాడు. డబుల్ బాస్ తీగ సంగతి వేరు. మనిషి కంటే ఎత్తున్న వాయిద్యం అది. పై మెడ దగ్గర ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య అంత దూరం ఉంటుంది. అక్కడ చిటికెనవేలు చాపితేనే స్వరం దొరుకుతుంది.

అసలు బెంగ వేలు కాదు. బుధవారం పొద్దున గున్వోర్ నుంచి ఫోనుకి ఒక సందేశం వచ్చింది: "శనివారం వాయించాక వెంటనే వెళ్ళిపోవద్దు. కూర్చుని మాట్లాడుకుందాం." అంతే. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ బృందంలోని ముగ్గురూ, గున్వోర్, డ్రమ్స్ వాయించే యోస్టైన్, తనూ, వాయించాక కూర్చున్నది లేదు. "ఇవాళ్టికి థాంక్స్" అని ఒకరికొకరు చెప్పుకుని, ఎవరి సామాను వాళ్ళు సర్దుకుని, ఎవరి దారి వాళ్ళు పట్టేవారు. ఆ రెండు వాక్యాలు చదివినప్పటి నుంచి హాల్వార్‌కి మనసు మనసులో లేదు. మూడు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు.

"ఏం మాట్లాడాలో ఫోన్ చేసి అడగొచ్చుగా," అంది ఇడున్. "ఫోనుంది, నోరుంది."

"అలా అడగరు."

"ఎవరు అడగరు?"

"ఎవరూ."

అది మాత్రం నిజం. ఈ తీరంలో పక్కింటి కప్పు అంటుకుంటే "మీ వైపు కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అంటారు గాని కేకలు పెట్టరు. మనిషిని తీసేయాలన్నా అంతే. కాఫీ పోసి, కేకు ముక్క పెట్టి, చాలా మర్యాదగా తీసేస్తారు.

బాస్‌ని మెత్తటి గుడ్డ తొడుగులో చుట్టి, కారు ముందు సీటు మడిచి, దాని మెడ గేరు పక్కకి వచ్చేట్టు పడుకోబెట్టాడు. ఇడున్ ఫ్లాస్కూ, మైనపు కాగితంలో చుట్టిన రొట్టెముక్కలూ పక్కన పెట్టింది. "తీసేస్తే తీసేశారు, ఇంటికి రా. కర్రలు కొట్టే పని బోలెడుంది," అంది. ఆ మాటకి నవ్వాలని అతనికి తెలుసు. నవ్వు రాలేదు.

వెస్ట్‌నెస్ రేవులో మోల్దెకి ఫెర్రీ పడవ పావు తక్కువ పదకొండుకి. వాయించాల్సింది ఒంటిగంటకి. మంచు సన్నగా, చినుకులా పడుతోంది. కారు కింది డెక్కులో పెట్టి హాల్వార్ పైకి వెళ్ళాడు. ఫెర్రీ క్యాంటీన్‌లో టోర్‌బ్యోర్గ్ అనే ఆవిడ ఇరవై ఏళ్ళుగా స్వేలెలు కాలుస్తోంది. స్వేలె అంటే మందపాటి తీపి అట్టు. వెన్న పూసి, గోధుమరంగు చీజ్ పెట్టి సగానికి మడిచి ఇస్తుంది.

"పెద్దావిడని కింద కార్లోనే వదిలేసి వచ్చావా?" అంది టోర్‌బ్యోర్గ్. బాస్ సంగతి. ప్రతి నెలా ఇదే హాస్యం.

"చలిని లెక్కచేయదులే."

"ఏంటి, అలా ఉన్నావ్? స్వేలె తినవా?"

"ఒకటివ్వు."

తీసుకున్నాడు గాని సగం దగ్గరే ఆగిపోయింది. కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. ఈ ఫెర్రీ ఇంజను 'ఎ' స్వరానికీ, దాని పక్కనున్న 'బి ఫ్లాట్'కీ మధ్య ఎక్కడో మోగుతుందని అతనికి తెలుసు. ఎక్కినప్పుడల్లా ఆ రొదని ఏదో ఒక స్వరం కిందికి తేవాలని మనసు కొట్టుకుంటుంది. అదీ ఒక రకం జబ్బే.

పదకొండేళ్ళప్పుడు బడి బ్యాండులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర ఊదేవాడు. పొడుగ్గా ఉన్న పిల్లాడికి పెద్ద వాయిద్యం ఇవ్వాలని మాస్టారి లెక్క. పదిహేనేళ్ళకి ఎవరో అటక మీద నుంచి దించిన బాస్ చేతికి వచ్చింది. ఇరవయ్యేళ్ళకి ఓస్లో వెళ్ళాడు. అక్కడ నాలుగేళ్ళు. ఒక శుక్రవారం ఒక బృందం వాళ్ళు జర్మనీ అంతా తిరిగి రావడానికి రమ్మన్నారు, ఆలోచించుకుని ఫోన్ చెయ్యమన్నారు. హాల్వార్ ఆలోచించుకున్నాడు. వేగంగా నడిచే పాటల్లో తన చెయ్యి తట్టుకుంటుందా, మధ్యలో వద్దంటే పరాయి దేశంలో ఏం గతి, అసలు మర్యాదకే పిలిచారా? సోమవారం మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేస్తే ఇంకో అతను ఆదివారమే ఒప్పుకున్నాడని చెప్పారు. అతని పేరు ఇప్పుడు సంగీతం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు.

తర్వాత ఇంటికి వచ్చేశాడు. మున్సిపాలిటీ సంగీత బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి ఏది కావాలంటే అది నేర్పాడు. పెళ్ళిళ్ళలో వాయించాడు, చావుల్లో వాయించాడు, పంటల సంఘం వార్షికోత్సవాల్లో వాయించాడు. జూలైలో మోల్దెకి ఊరి జనం కంటే ఎక్కువ జనం జాజ్ సంగీతోత్సవం కోసం వచ్చినప్పుడు, సొంత బాస్ మనిషిని తెచ్చుకోని పరదేశపు పెద్దవాళ్ళ వెనక నిలబడ్డాడు. వాళ్ళలో ఒకాయన వేదిక మీద అందరినీ పరిచయం చేస్తూ, హాల్వార్ దగ్గరికి వచ్చేసరికి పేరు గుర్తురాక, "బాస్ మీద... మన స్నేహితుడు!" అన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. మొత్తం పదకొండు రికార్డుల్లో అతని బాస్ వినిపిస్తుంది. ఒకదాని అట్ట మీద పేరు తప్పు పడింది. ఇంకోదాని మీద ఫోటోలో బాస్ ఉంది, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉంది, మనిషి లేడు.

దీనికి అతనేం బాధపడలేదు. పక్కవాళ్ళు పడిపోకుండా కింద నేలలా ఉండటమే తన పని అనుకున్నాడు. నెలలో మొదటి శనివారం, మోల్దె రేవు పక్క పాత చేపల గోదాములో పెట్టిన కేఫేలో, గున్వోర్ పియానో, యోస్టైన్ డ్రమ్స్, తన బాస్. అది ఉంటే చాలనుకున్నాడు. ఇప్పుడు అదే పోబోతోంది.

గున్వోర్‌కి తెలిసిపోయిందనడానికి గుర్తులు అతను ఫెర్రీలో కూర్చుని మరోసారి లెక్కపెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు తను ఆవిడ ఎడమ భుజం వెనక నిలబడేవాడు. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి, "నువ్వలా వెనక వద్దు, పియానో వంపులోకి వచ్చి నాకెదురుగా నిలబడు," అంది. అప్పటి నుంచి వాయించినంతసేపూ ఆవిడ చూపు అతని ఎడమ చేతి మీదే. పాట మొదలు నుంచి చివరిదాకా పోలీసు కాపలా. కొన్ని నెలలుగా ఆవిడకి ఇంకో వెర్రి కూడా పట్టింది. జాజ్ వాళ్ళకి పుట్టిల్లు లాంటి 'బి ఫ్లాట్', 'ఇ ఫ్లాట్' శ్రుతులు వదిలేసి, పాత పాటలన్నిటినీ ఒక్కోటిగా 'ఇ'కీ, 'ఎ'కీ, 'డి'కీ మార్చేస్తోంది. "విసుగొచ్చింది, కొత్తగా ఉండనీ," అంటుంది. "ముసలితనంలో మనం గిటారు పిల్లలమైపోయాం," అని యోస్టైన్ నవ్వాడు. కొత్తగా గిటారు పట్టినవాళ్ళు వాయించే శ్రుతులవి. హాల్వార్ మాత్రం లోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. బాస్ నాలుగు తీగల్లో మూడు ఆ స్వరాలకే కట్టి ఉంటాయి. ఆ శ్రుతుల్లో ముఖ్యమైన స్వరానికి వేలు అదమక్కర్లేదు, తీగని ఖాళీగా మీటితే చాలు. అదృష్టం కలిసొచ్చినప్పుడు ఎందుకొచ్చిందని ఆరా తీసే అలవాటు అతనికి లేదు.

ఫెర్రీ రేవుకి తగిలేలోపు ఒక నిర్ణయానికి వచ్చాడు. వాళ్ళ నోటితో అనిపించుకోవడం ఎందుకు? తనే ముందు అనేస్తాడు. "నేనూ ఆగిపోదామనే అనుకుంటున్నాను" అని నాలుగుసార్లు పెదవులతో చెప్పి చూసుకున్నాడు.

కేఫేలో ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఉన్ని స్వెట్టర్లు, తడి బూట్లు, వాఫిల్స్ అనే గళ్ళ అట్లు కాలుతున్న వాసన. యోస్టైన్ అప్పటికే డ్రమ్స్ బిగించేశాడు. పొట్టిగా, పీపాలా ఉంటాడు. వారమంతా నీళ్ళ పైపులు బాగుచేసే పని.

"ఏమయ్యా, ఏం కథ?" అన్నాడు. "మాట్లాడాలంది. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలీదు."

"నాకూ తెలీదు. నాకెప్పుడూ ఏదీ తెలీదులే."

అబద్ధమాడుతున్నాడేమోనని హాల్వార్ అతని మొహంలోకి చూశాడు. యోస్టైన్ తాళం చిప్పల మరలు బిగించుకుంటున్నాడు. అలా కిందికి చూస్తూ ఉండిపోవడమే అనుమానంగా తోచింది.

గున్వోర్ సరిగ్గా ఐదు నిమిషాల ముందు వచ్చింది. డెబ్భై ఏళ్ళు, సన్నటి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, నీలం ఊలు టోపీ. "బాగున్నావా?" అని అతని మోచెయ్యి తట్టింది. ఆ తట్టడం మామూలు కంటే కాస్త ఎక్కువసేపు ఉన్నట్టనిపించింది హాల్వార్‌కి.

మొదటి పాట గడిచింది. రెండోది గడిచింది. ఆవిడ చూపు చేతి మీద నుంచి కదల్లేదు. మూడోది నెమ్మదైన పాట, 'ఇ' శ్రుతి. అంతా బాగానే నడుస్తోంది గాని, మధ్యలో ఒక మలుపు దగ్గర లావు తీగ మీద చిటికెనవేలు చాపక తప్పని స్వరం ఒకటుంది. మూడు ఆవృత్తాలు దాన్ని ఉంగరపువేలితో దొంగతనంగా లాక్కొచ్చాడు. నాలుగోసారి చెమటకి వేలు జారింది. స్వరం అర మెట్టు కిందపడి, తలుపు కొట్టినట్టు మొద్దుగా మోగింది. యోస్టైన్ కనుబొమలు లేచాయి. ముందు వరసలో కునుకుతున్న పెద్దాయన ఒక కన్ను తెరిచాడు.

గున్వోర్ మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, ఉలికిపాటు లేదు. అదే చిరునవ్వుతో, అతని చేతినే చూస్తూ వాయించుకుపోతోంది. హాల్వార్‌కి ప్రాణం పోయినంత పనైంది. ముప్ఫై ఏళ్ళుగా, చిన్న తప్పు పడినా ముక్కు చిట్లించే మనిషి ఆవిడ. తీసేద్దామని తీర్మానించుకున్న వాణ్ణి ఇక తిట్టడం మాత్రం ఎందుకు? మిగిలిన పాటలు అతను ఎలా వాయించాడో అతనికే తెలీదు. చేతులు వాటంతట అవి వాయించాయి. జనం చప్పట్లు కొట్టారు, వాఫిల్స్ తిన్నారు, టోపీలు పెట్టుకుని మంచులోకి వెళ్ళారు.

మూలబల్ల దగ్గర కేఫే ఆయన మూడు కాఫీలు, పైన జామ్ వేసిన వాఫిల్స్ పెట్టాడు. కాఫీ, తీపి, మూల. హాల్వార్ ఊహించుకున్నట్టే ఉంది. కూర్చోగానే నోరు తెరిచాడు.

"గున్వోర్, నేనే చెబుదామనుకుంటున్నాను..."

"నువ్వాగు," అంది గున్వోర్ చెయ్యి ఎత్తి. "మూడ్రోజులు బట్టీ పట్టి వచ్చాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి రావాలి." కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది. "హాల్వార్, నాకు నువ్వు వినపడటం లేదు."

"ఆంప్లిఫయర్ పెంచుతాను," అన్నాడు హాల్వార్ గబగబా. "వచ్చే నెల ఇంకోటి తెస్తాను, ఇంతకంటే పెద్దది..."

"అది కాదయ్యా. నా చెవులు. కింది స్వరాలు పోయాయి. పక్షి కూస్తే వినిపిస్తుంది, నువ్వు మాట్లాడితే వినిపిస్తుంది. లారీ వెళ్తే వినిపించదు. రెండేళ్ళ పైమాటే. చెవి డాక్టరు గీతలు గీసి చూపించాడు, నీ బాస్ ఉండే చోటంతా సున్నా."

యోస్టైన్ నోట్లో వాఫిల్ అలాగే ఉండిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా..." అన్నాడు హాల్వార్.

"నీ చెయ్యి చూసి. అందుకేగా ఎదురుగా నిలబెట్టింది. నీ వేళ్ళు ఎక్కడుంటే ఏ స్వరమో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు పక్కన కూర్చున్నాను, ఆ మాత్రం తెలీదా?"

హాల్వార్ ఎడమ చెయ్యి బల్ల కిందికి వెళ్ళిపోయింది. ఆవిడ అది గమనించింది.

"దాచుకోకు. మీ ఆవిడ కూడా ఆ చేతిని నేను చూసినంతసేపు చూసి ఉండదు. ఆ చిటికెనవేలు ఏ నెలకి ఎంత మడత పడిందో చూస్తూనే ఉన్నాను."

"అందుకేనా శ్రుతులు మార్చింది?"

"మరి? ఈ వయసులో పియానో మీద ఈ శ్రుతులు, నాలుగేసి షార్పు స్వరాలు ఎవడిక్కావాలి?"

"ఇవాళ మూడో పాటలో..." అన్నాడు హాల్వార్.

"ఏమైంది మూడో పాటలో?"

హాల్వార్, యోస్టైన్ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం కాలేదు," అన్నాడు యోస్టైన్. "బాగుంది."

గున్వోర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి తల ఊపింది. "చూశారా, ఇదీ సంగతి. పోయిన నెల ఒక పాట అయిపోయిందని తెలీక ఇంకో ఆవృత్తం మొదలుపెట్టాను. మీరిద్దరూ ఏమీ అనకుండా మర్యాదగా వెనకే వచ్చారు. ఇంటికి వెళ్ళి, పాత టేపులో ఆ పాట పెట్టి ఆవృత్తాలు లెక్కపెడితే తెలిసింది. ఆ రాత్రే అనుకున్నాను, చాలు అని. కేఫే ఆయనకి చెప్పేశాను. ఇవాళే ఆఖరు."

"మాకు ముందే చెప్పి ఉంటే..." అన్నాడు యోస్టైన్. "ఆఖరిదని తెలిస్తే కనీసం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాణ్ణి."

"చెప్తే ఇద్దరూ బిగుసుకుపోయి వాయించేవాళ్ళు." ఆవిడ హాల్వార్ వైపు తిరిగింది. "నువ్వు ఆపరేషన్ చేయించుకో. నీ చోటు ఎవరో లాక్కుంటారని భయమేగా? ఇక ఎవరూ లాక్కోరు. ఆ చోటే లేదు." అని తనే నవ్వింది. తక్కిన ఇద్దరికీ నవ్వు రాలేదు.

మూడ్రోజులుగా అతను తనని తీసేస్తారని బెంగపడ్డాడు. తీసెయ్యలేదు. బెంగ తీరాలి. తీరలేదు. తీసెయ్యడమే నయమనిపించింది. అప్పుడు తనొక్కడే పోయేవాడు, ఆ మొదటి శనివారాలు, ఆ పియానో, ఆ మనిషీ ఎక్కడో ఒకచోట ఉండేవి.

గున్వోర్ లేచి టోపీ పెట్టుకుంది. యోస్టైన్‌ని కౌగిలించుకుంది. హాల్వార్‌తో చెయ్యి కలిపింది, ఎడమ చేత్తో అతని ఎడమ చెయ్యి పట్టుకుని. ప్రతిసారీ అనే "ఇవాళ్టికి థాంక్స్" అనలేదు. "అన్నిటికీ థాంక్స్," అంది. ఇక్కడ ఆ మాట సమాధి రాళ్ళ మీద చెక్కిస్తారు. తలుపు గంట ఒకసారి మోగింది, ఆవిడ కొండ మీది వీధి వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఇద్దరూ సర్దుకోవడం మొదలుపెట్టారు. "ముప్ఫై ఏళ్ళు," అంటున్నాడు యోస్టైన్ తాళం చిప్పలు సంచిలో పెడుతూ. "ఆవిడకి చెవులు లేవు, నీకు వేలు లేదు, నాకు చెప్పేవాడు లేడు. బాగుంది మన బృందం." హాల్వార్ తొడుగు వేయడానికి బాస్‌ని ఒళ్ళోకి వాల్చుకున్నాడు. కుడిచెయ్యి అలవాటుగా లావు తీగని ఒకసారి మీటింది. 'ఇ' మోగింది. ఖాళీ కేఫేలో అది చాలాసేపు నిలిచింది.

అతను తన ఎడమ చేతి వైపు చూశాడు. అది మెడ మీద ఊరికే ఆని ఉంది. ఒక్క వేలూ కదల్లేదు.

అప్పుడర్థమైంది. ఖాళీ తీగ మోగేటప్పుడు ఎడమ చేతికి పనుండదు. కుడిచెయ్యి పియానో అంచు చాటున ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూసే మనిషికి ఏమీ తెలియదు. పాట వెంట పాట 'ఇ'కీ 'ఎ'కీ మార్చిన కొద్దీ అతని పని తేలికైంది. ఆవిడకి మాత్రం అతను కొంచెం కొంచెంగా కనపడకుండా పోయాడు. అతని వేలిని కాపాడటానికి, తను వినే ఒక్క దారినీ ఆవిడ తన చేతులతోనే మూసుకుంది. పోయిన నెల పాట ఎక్కడ అయిపోయిందో ఆవిడకి తెలియలేదంటే, అది చెవుల తప్పు కాదు.

బాస్‌ని పియానోకి ఆనించి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. కోటు కూడా వేసుకోలేదు. నీలం టోపీ మలుపు దాకా వెళ్ళిపోయింది. "గున్వోర్!" అని అరిచాడు. ఆ వీధిలో అంత గట్టిగా అతను ఎన్నడూ అరవలేదు. ఆవిడ వెనక్కి తిరిగింది, వీడ్కోలు చెబుతున్నాడనుకుని చెయ్యి ఊపి, మలుపు తిరిగిపోయింది. మంచులో నిలబడి అతను ఏడ్చాడు. ఎదురుగా వస్తున్న ఒక జంట చూపు తిప్పుకుని అవతలి కాలిబాట మీదికి మారారు.

లోపలికి వచ్చేసరికి యోస్టైన్ పియానో కింద వంగి ఉన్నాడు. "ఈ చెక్క ఎవరిది? నీదా?"

అది దేవదారు లాంటి స్ప్రూస్ చెట్టు పలక. జానెడు వెడల్పు కూడా లేదు గాని, మనిషంత పొడుగుంటుంది. బాస్ అడుగున ఉండే ఇనప మేకు కేఫే నేలని పొడిచేస్తోందని, రెండేళ్ళ కిందట గున్వోర్ తన పడవల కొట్టంలోంచి తెచ్చి వేసింది. దాని మీద మేకు గుచ్చుకోవచ్చంది. మేకుకి అరచెయ్యంత ముక్క చాలు గదా, ఇంత పొడుగెందుకని హాల్వార్ అప్పట్లో అనుకున్నాడు. కోసే ఓపిక లేకపోయిందేమో అనుకుని ఊరుకున్నాడు.

"కదపకు," అన్నాడు.

తడి బూటు విప్పి, పియానో ముందు గున్వోర్ కూర్చునే చోట కూర్చుని, మేజోడు కాలు పలక రెండో చివర మీద పెట్టాడు. ఆవిడా అంతే, చలికాలం వేసంకాలం లేకుండా బూట్లు విప్పేసి వాయించేది. కాళ్ళు వాస్తాయి కాబోలు అనుకునేవాళ్ళు.

"ఆ బాస్‌ని పలక ఆ చివర మీద నిలబెట్టి ఏదో ఒక తీగ మీటు."

"నేనా?" అన్నాడు యోస్టైన్. "ఏది?"

"ఏదైనా. నాకు చెప్పకు."

చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మడమ కింద పలక సన్నగా, గుర్రు పెట్టే పిల్లి గొంతులా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. అది 'ఇ'యో 'ఎ'యో, ఏదో అతనికి తెలియలేదు. ఎప్పుడు మోగిందో మాత్రం తెలిసింది. ఏ స్వరమో తెలియకుండా, ఎప్పుడో మాత్రం తెలిసి, ఆవిడ అన్ని శనివారాలూ నవ్వుతూ వాయించింది.

నాలుగున్నర ఫెర్రీ కూత వినిపించింది. యోస్టైన్ బాస్‌ని తనే గుడ్డ తొడుగులోకి దించి, తనే కారు దగ్గరికి మోసుకెళ్ళాడు. హాల్వార్ బూటు తొడుక్కుని అతని వెనకే వెళ్ళాడు.

పలక అక్కడే ఉండిపోయింది. ఒక చివర ఇనప మేకు పొడిచిన గుంటలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉన్నాయి. పియానో కింద ఉన్న రెండో చివర, ఒక ఎడమ మడమ పట్టేంత మేర రంగు అరిగిపోయి, లోపలి తెల్ల చెక్క నున్నగా బయటపడి ఉంది.